మా ఆయన చెయ్యని పాపం

గురువారం పొద్దున వరండాలో కూర్చుని గోంగూర తుంచుకుంటున్నాను. గేటు తీసుకుని ఒక చక్కని పిల్ల వచ్చింది. చెప్పులు బయటే విడిచి, నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, చాలా మర్యాదగా, "వందనాలమ్మా. మాస్టారు మిమ్మల్ని కుడి చేత్తో కొట్టేవారా, ఎడమ చేత్తోనా?" అని అడిగింది.

నాకు అరవై ఎనిమిదేళ్లు. ఈ గురజాలలో పిల్లలకు పెట్టే పేర్ల దగ్గర్నుంచి మోకాళ్ల నొప్పుల దాకా జనం నన్ను అడగని సంగతి లేదు. ఇది మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాను.

"నిహారికనండి. నరసరావుపేట నుంచి వచ్చాను. సినిమాలో మీ వేషం నాదే." పిల్ల నోట్‌బుక్ తెరిచి పెన్ను తీసింది. "ఇంకో డౌటమ్మా. దెబ్బ పడగానే ఏడ్చేవాళ్లా, కింద పడ్డాక ఏడ్చేవాళ్లా? డైరెక్టర్ గారు రెండూ ప్రాక్టీస్ చేసి రమ్మన్నారు."

"నన్ను కొట్టాడని ఎవరు చెప్పారు?"

"స్క్రిప్టులో ఉందమ్మా. మాస్టారే రాశారు. మూడు సీన్లు. చదువుతుంటే నాకు ఏడుపొచ్చింది తెలుసా!"

గోంగూర చాటలో పడేసి లేచాను. లేచాక ఎటు వెళ్లాలో తోచలేదు. ఆయన బజారుకు పోయాడు. లేకపోతే ఆ పిల్ల ప్రశ్నకు అక్కడే జవాబు దొరికేది, కాకపోతే కొట్టేది నేనూ, పడేది ఆయనా అయ్యేవాళ్లం.

అసలు సంగతి మొదటినుంచీ చెప్పాలి. మా ఆయన పేరు యేసుపాదం. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ముప్పై ఒక్క పుస్తకాలు రాశాడు. కొన్ని పాటలు, కొన్ని కథలు, 'మిరపతోటలో మార్త' అని ఒక నవల. అన్నిట్లోనూ దేవుడుంటాడు. ఆ దేవుడు మేఘాల మీద రాడు, పత్తి తీసేవాళ్ల వెనకాలో, పొయ్యి ఊదే ఆడమనిషి పక్కనో ఊరికే కూర్చుని ఉంటాడు. పాటలు మాచర్ల నుంచి వినుకొండ దాకా చర్చిల్లో పాడతారు. రాసిందెవరని మాత్రం ఎవరూ అడగరు. పుస్తకాలు మా మంచం కింద ఉంటాయి. పండక్కి ఇల్లు దులిపేటప్పుడు వాటిని ఎండలో పెట్టి మళ్లీ లోపల పెట్టడం నా పని.

ఇలా ఉండగా సిటీలో ఒక క్రైస్తవ సంస్థ వాళ్లు మన రచయితల జీవితం, విశ్వాసం మీద వరసగా చిన్న చిన్న సినిమాలు తీస్తున్నారు. ఒక్కొక్కటి అరగంట. అప్పటికి నాలుగు తీశారు. ఆ నలుగురూ ఎప్పుడో పోయినవాళ్లు. బతికున్న రచయిత ఒకడు గురజాలలో ఉన్నాడని తెలిసి సంబరపడిపోయి ఒక కుర్రాణ్ణి పంపారు. చరణ్ అని, ఇరవై ఏడేళ్లుంటాయి, జుట్టు వెనక్కి ముడేసుకుంటాడు. మంచివాడే. నా చేతి టీ మూడుసార్లు అడిగి తాగాడు. నాకు తెలిసి మంచివాళ్లకి అదొక గుర్తు.

మొదటి రోజే ఆ కుర్రాడు కెమెరా పెట్టి, "మాస్టారూ, మీ సాక్ష్యం చెప్పండి" అన్నాడు.

మా చర్చిల్లో సాక్ష్యానికి ఒక పద్ధతి ఉంది. లేచి నిలబడి, ప్రభువు దొరక్కముందు నేనెంత పాపిని, దొరికాక ఎలా మారాను అని చెప్పాలి. ముందటి భాగం ఎంత ఘోరంగా ఉంటే సాక్ష్యం అంత బాగున్నట్టు లెక్క. ఒకప్పుడు నాటుసారా కాచిన పెద్దాయన ఒకడు మా చర్చిలో ఉన్నాడు. ఆయన మొదలుపెడితే ఏడ్చే పసిపిల్లలు కూడా నోరు మూసుకుని వింటారు. మా ఆయన మాత్రం లేచి, "నేను విశ్వాసుల ఇంట పుట్టాను. దేవుడు మంచివాడు. వందనాలు" అని కూర్చుంటాడు. పాస్టర్ గారికి ఆమెన్ అనే వ్యవధి కూడా దొరకదు.

చరణ్‌కీ అదే చెప్పాడు. కుర్రాడి మొహం వాడిపోయింది.

"తాగుడు లేదా మాస్టారూ?"

"లేదు నాయనా."

"పేకాట?"

"ముక్కలు పట్టుకోవడం రాదు."

"పోనీ దేవుడు లేడని ఎప్పుడైనా తిరిగారా?"

మా ఆయన పాపం బాగా ఆలోచించాడు. "బీయీడీలో ఒక వారం అనుకున్నా. ఇంతలో జ్వరం వచ్చింది. తగ్గాక ఆ సంగతి మర్చిపోయా."

చరణ్ కెమెరా కట్టేసి తల పట్టుకున్నాడు. "ముందు చీకటి చూపించకపోతే తర్వాత వెలుగెలా చూపిస్తాను మాస్టారూ? మా వాళ్లు ఒప్పుకోరు" అన్నాడు. మా ఆయనకు ఎదుటి మనిషి చిన్నబుచ్చుకుంటే ప్రాణం ఒప్పదు. స్కూల్లో కూడా సున్నా వేయాల్సినవాడికి చేతిరాతకని రెండు మార్కులు వేసేవాడు. "నాలుగు రోజులాగి రా నాయనా, ఏదో ఒకటి చూద్దాం" అన్నాడు.

ఆ నాలుగు రోజులూ వెనకగదిలో తలుపేసుకుని రాశాడు. నేను ఏడో తరగతే చదివాను. అయినా ఆయన రాసిన ప్రతి కాగితం ముందు నేను చదవాల్సిందే. ఇది బాగుంది, ఇది బోధలాగుంది అని చెప్పాల్సిందే. ఈసారి నాకు చూపించలేదు. పాటేదో కుదరడం లేదేమో అనుకున్నాను. అప్పటికే అక్కడ ఆయన తాగి, పేకాడి, నన్ను మూడు సీన్లలో తన్నాడని నాకేం తెలుసు?

బజారు నుంచి వచ్చాక కడిగేశాను.

"సినిమా కోసమే సువార్తా. కథ అది" అన్నాడు సంచీ కింద పెట్టి.

"కథయితే అందులో నీ పేరెందుకుందయ్యా? నా పేరెందుకుంది? ఈ ఇల్లెందుకుంది?"

"పేర్లు మారిస్తే నిజంలాగుండదంట. ఆ సీన్లు తీసేస్తే సినిమానే లేదంటున్నాడు." మెల్లగా, "ఒక్కసారన్నా జనం చూస్తారే. ఈ పాటలు రాసింది ఈయనంట అనుకుంటారు. అంతే గదా నేను కోరుకుంది" అన్నాడు.

ఆ మాటకు నా కోపం సగం కరిగింది. మిగతా సగం కరగలేదు. మేం ముగ్గురం అక్కచెల్లెళ్లం. మిగతా ఇద్దరూ మొగుళ్ల చేతిలో పడని పాట్లు లేవు. పుట్టింటికి పోయి కూర్చున్నప్పుడల్లా నేను ఒక్కదాన్నే తలెత్తి చెప్పుకునేదాన్ని, నలభై ఆరేళ్లలో ఈయన చెయ్యి నా మీద పడలేదని. నాకున్న గొప్ప అంతా అదే. దాన్ని తీసుకెళ్లి అరగంట సినిమాకి ఇచ్చేశాడు.

"ఆ సీన్లు తీసేదాకా నీతో మాట్లాడను" అన్నాను. నిజంగానే మాట్లాడలేదు. పెళ్లయ్యాక నేను నోరు కట్టేసుకున్నది అప్పుడే, నాకే ఊపిరాడలేదు.

మర్నాటికి ఊరంతా తెలిసిపోయింది. బాలకోటయ్య కొట్టుకు కందిపప్పు కోసం పోయాను. బాలకోటయ్య నలభై ఏళ్లుగా మాకు సరుకులిస్తున్న మనిషి. నన్ను చూడగానే కాటా ఆపేసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఎంత ఓర్చుకున్నావమ్మా సువార్తమ్మా! ఒక్కనాడన్నా చెప్పావా? నాకు తెలిస్తే వచ్చి అడ్డం పడనా?"

"ఏందన్నా నువ్వు కూడా! ఆయన నన్ను ఏమీ అన్లేదు."

"అట్టాగే అంటారమ్మా, మంచి ఇల్లాళ్లందరూ అట్టాగే అంటారు" అని పప్పుతో పాటు నొప్పుల మందు సీసా ఒకటి సంచీలో వేశాడు. "ఇది నా తరపున. పాత దెబ్బలు చలికి సలుపుతయ్యి."

ఎంత వద్దన్నా వినలేదు. ఆ మందు పట్టుకుని నేను బజారంతా నడిచి రావాల్సి వచ్చింది.

ఇంటికొస్తే చాంద్ బీ నా గుమ్మంలో కూర్చుని ఉంది. మా వీధి చివర మోటార్ సైకిళ్ల మెకానిక్ అబ్దుల్ గఫార్ భార్య. గఫార్ మా ఆయన దగ్గరే చదివాడు. మీసం బాగుందని చరణ్ వాడికి మా ఆయన వయసులో ఉన్నప్పటి వేషం ఇచ్చాడు. అదీ చాంద్ బీ ఏడుపు.

"అక్కా, నీ మొగుడి వల్ల నా మొగుడి పేరు పోయింది" అంది. "సీసాలో నీళ్లున్నా సరే చేత్తో ముట్టొద్దని నేను గట్టిగా చెప్పా. సరే, సీసా లేకుండా తూలితే చాల్లే అన్నాడంట ఆ జుట్టు ముడి అబ్బాయి. ఇంక రెండ్రోజుల్నుంచి ఈయన షెడ్డులో పానా చేత్తో పట్టుకుని ఒకటే తూలటం! ఈపూరు నుంచి వచ్చిన ఆయన బండి స్టార్టు చేసుకుని వెనక్కి చూడకుండా పోయాడు. మసీదు దగ్గర మా మామని పిలిచి అడిగారక్కా, మీ వాడు ఎప్పుడు మొదలుపెట్టాడని!"

నాకు నవ్వు ఆగలేదు. చాంద్ బీ కూడా ఏడుపు ఆపి నవ్వింది. నవ్వి నవ్వి, ఇద్దరం కలిసి మొగుళ్లను తిట్టుకున్నాం. ఆ రోజుకి అదే మందయింది.

ఆదివారం వచ్చింది. నెలలో మొదటి ఆదివారం కాబట్టి ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం పళ్లేల్లో పెట్టి అందరి ముందుకీ తెస్తారు. ఎవరి మీదైనా పగ ఉంటే వాళ్లతో సమాధానపడ్డాకే తీసుకోవాలి, లేకపోతే పళ్లెం వదిలేయాలి. మా దగ్గర ఇది గట్టి నియమం. బల్ల ఆదివారం పొద్దున చర్చి మెట్ల మీద తోడికోడళ్లు ఒకరి గడ్డం ఒకరు పట్టుకోవడం మామూలే. నాకు పదిహేనో ఏట బాప్తిస్మం అయింది. ఆనాటి నుంచి నేను బల్ల వదిలింది లేదు.

పళ్లెం నా దగ్గరకొచ్చింది. చేతులు కట్టుకుని పక్కకు చూశాను. పళ్లెం ఒక్క క్షణం ఆగి ముందుకు పోయింది. చర్చిలో ఎన్ని తలలున్నాయో అన్నీ నా వైపు తిరిగాయి. ప్రార్థనలో కళ్లు మూసుకున్నవాళ్లు కూడా ఎలా చూశారో నాకిప్పటికీ అర్థం కాదు.

మధ్యాహ్నం మా పాస్టర్ అరుణ్ కుమార్ గారు వచ్చారు. చిన్నవాడు, ఈ మధ్యే వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారూ, ఎప్పుడో జరిగిపోయింది. మాస్టారు పశ్చాత్తాపపడి అందరి ముందూ ఒప్పుకుంటున్నారు. కొట్టాడన్న కోపం మీరింకా పెట్టుకోకూడదు."

"నా కోపం కొట్టాడని కాదయ్యా! కొట్టలేదని!"

పాస్టర్ గారు కుర్చీలో వెనక్కి జరిగారు. "కొట్టలేదని... కోపమా?" అన్నారు. బైబిల్లో ఎక్కడా దీనికి వాక్యం లేనట్టుంది. ప్రార్థన చేసి లేచారు. ప్రార్థనలో కూడా, "ఈ సోదరి కోరుకునేదేమిటో నీకే తెలుసు ప్రభువా" అన్నారు.

మంగళవారం షూటింగు మా ఇంట్లోనే. ఆయన్ని ఆపలేకపోయాను గానీ, ఆ సీను నా కళ్ల ముందు తీస్తే ఎలా తీస్తారో చూద్దామని వంటింటి గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. అవి మిరపకాయ కోతల రోజులు. మా గోడ పక్కనే కల్లం, కాయలు ఎండబోసి ఉన్నాయి. గాలి తిరిగితే చాలు, ఒకటే ఘాటు. నిహారికకు ఏడవడానికి మందు వెయ్యక్కర్లేకుండా పోయింది. సౌండు చూసే అబ్బాయి చెవులకు పెట్టుకున్నది తీసి తుమ్మి, మళ్లీ పెట్టుకుని మళ్లీ తుమ్మాడు. గోడ మీద వీధి పిల్లలు వరసగా కూర్చుని, కెమెరా ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టారు.

గఫార్ పంచె కట్టుకుని బ్రహ్మాండంగా తూలుకుంటూ వచ్చాడు. అంతవరకూ బాగానే ఉంది. నిహారిక ఎదుట నిలబడి చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి దించి, "తప్పమ్మా, క్షమించు" అన్నాడు.

"కట్!" అని అరిచాడు చరణ్. "ముందే క్షమించమంటే ఎలా గఫార్ భాయ్?"

రెండోసారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. మూడోసారి నిహారిక దెబ్బ తగలకుండానే కింద పడింది, వీడు కంగారుపడి లేవదీసి నీళ్లిచ్చాడు. ఏడోసారి చరణ్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు.

"ఆడపిల్ల మీద చెయ్యి రావట్లా సార్" అన్నాడు గఫార్ చెమట తుడుచుకుంటూ. "మాస్టారే ఎనిమిదో క్లాసులో చెప్పాడు, తప్పని."

అందరూ ఘొల్లుమన్నారు. నేనూ నవ్వాను. గెలిచాననిపించింది. మా ఆయన స్టూలు మీద కూర్చుని అందరికంటే ఎక్కువ నవ్వుతున్నాడు.

చరణ్ ఆయన వైపు తిరిగి, "మాస్టారూ, మీరే రండి. ఎలా కొట్టారో ఒక్కసారి చూపించండి. కెమెరా రన్నింగ్‌లోనే ఉంది" అన్నాడు.

ఆయన నవ్వుకుంటూనే లేచాడు. గఫార్ భుజం మీద చెయ్యేసి, "ఒరేయ్ గఫారూ, ఇట్టా కాదురా" అన్నాడు. "వస్తానే కొట్టడు. ముందు తలుపేసి గొళ్లెం పెడతాడు. నెమ్మదిగా పెడతాడు. ఆ చప్పుడికే ఆమె సగం అయిపోద్ది. ఆ తర్వాత దీపం వత్తి తగ్గిస్తాడు, బయటికి నీడలు కనపడకుండా. ఇంక ఆమె అరవదు. పిల్లోడు లేస్తాడని చీరకొంగు నోట్లో పెట్టుకుంటది." ఆయన చెయ్యి ఎత్తి ఉంది. "పిల్లోడు లేచే ఉంటాడు" అన్నాడు.

ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది. నవ్వు మొహం మీద ఉంది గానీ ఆయన అక్కడ లేడు.

తాగుడు ముట్టనివాడు, నన్ను ఏనాడూ కసురుకోనివాడు, గొళ్లెం సంగతి ఎక్కడ నేర్చుకున్నాడు? నాలుగంగల్లో పోయి కెమెరా కంటి మీద నా అరచెయ్యి అడ్డం పెట్టాను. "ఆపండి" అన్నాను. ఆయన ఎత్తిన చెయ్యి పట్టుకుని దించి, వంటింట్లోకి తీసుకెళ్లాను. తలుపు దగ్గరికి వేశాను. గొళ్లెం పెట్టలేదు.

ఐదు రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడాను. "ఎవరయ్యా ఆమె?"

పీట మీద కూర్చుని చెప్పాడు. చిన్నతనంలో ముప్పాళ్ళలో ఉన్నప్పటి సంగతి. వాళ్ల నాన్న, వాళ్లమ్మ. వారానికి రెండుసార్లన్నా కొట్టేవాడట. తెల్లారి ఎవరన్నా అడిగితే గుమ్మం తగిలిందని చెప్పేదట. చెప్పి, చీపురు పట్టుకుని వాకిలి ఊడుస్తూ సన్నగా కూనిరాగం తీసేదట. "నా పాటలన్నీ ఆ రాగాలే సువార్తా. మాటలు మటుకే నావి" అన్నాడు.

నేను కాపురానికి రాకముందే మా అత్త పోయింది. మామ మాత్రం మా దగ్గరే పదకొండేళ్లు బతికాడు. చర్చి పెద్ద. తెల్లపంచె, మెత్తని మాట. నన్ను అమ్మా అని తప్ప పిలవలేదు. ఆయన కాళ్లకు నూనె రాశాను, చివర్లో గంజి తాగించాను. ఊరంతా ఆయన్ని గొప్ప భక్తుడంది. నేనూ అన్నాను.

"నాకెందుకు చెప్పలా?"

"చెబితే నువ్వు ఆయనకి అన్నం పెట్టగలవా?" అన్నాడు. "ముప్పై ఒక్క పుస్తకాల్లో రాయలా. చరణ్ ఏదో ఒక పాపం కావాలంటే రాయను కూర్చున్నా. కలం ఆగలా. ఆయన పేరు రాయటానికి చెయ్యి రాలా, నా పేరు రాసుకున్నా."

"మరి ఆమె చోట నన్నెందుకు పెట్టావయ్యా?"

ఆయన నా వైపు చూడలేదు. "నువ్వైతే తట్టుకుంటావని."

నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది, రెండూ ఒకేసారి. "నీ దుంపతెగ" అన్నాను కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఆ కాగితాలు ఇటివ్వు."

పొయ్యిగట్టుకి ఆనుకుని నిలబడే మొత్తం చదివాను. ఇన్నేళ్లుగా ఆయన రాసిన ప్రతి ముక్కా చదివిన మనిషిని, నేను చెబుతున్నాను: ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు. ఒక్కచోట కూడా బోధ లేదు. నేను ఐదు రోజులుగా తీసెయ్యమని పోట్లాడిన సీన్లే అన్నిట్లోకీ నిజం. అది తెలిశాక వాటిని తీసెయ్యమనడానికి నాకు నోరు రాలేదు. నా పేరు మాత్రం అక్కడ ఉండటానికి వీల్లేదు. నాకు అవమానమని కాదు, ఆ చోటు ఆమెది.

బయటికొచ్చి చరణ్‌ని పిలిచాను. "సీను తియ్యి నాయనా. కానీ దెబ్బలు తిన్నది నేను కాదు. మా అత్త. పేరు రాసుకో. ఎస్తేరమ్మ. మాస్టారు గోడ పక్కన పడుకున్న పిల్లోడు."

చరణ్ మా ఆయన వంక చూశాడు. ఆయన తలూపాడు. కుర్రాడు పెన్ను తీసి, అందరి ముందూ, స్క్రిప్టు మీద నా పేరు కొట్టేసి ఆ పేరు రాశాడు.

"అమ్మా, ఎవరైనా సరే నేను కొట్టలేను" అన్నాడు గఫార్ దూరం నుంచే.

"కొట్టొద్దురా. లోపలికి పోయి గొళ్లెం పెట్టుకోండి. మేం బయట నుంచి వింటాం."

కెమెరా మూసిన తలుపు మీద పెట్టారు. గొళ్లెం పడింది. ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టింది. లోపల గఫార్ దిండు మీద ఒక్కటి వేశాడు. దిండు పొద్దుట్నుంచీ కల్లం వైపు కిటికీలో ఉందేమో, ఆ వెంటనే తలుపు అదిరేటట్టు గఫార్ తుమ్మాడు. వెనకే నిహారిక తుమ్మింది. మళ్లీ గఫార్. పిల్లలు గోడ మీద నుంచి దొర్లి పడ్డారు. మా ఆయన నవ్వి నవ్వి నా భుజం పట్టుకున్నాడు, కళ్లవెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి. అవి దేని నీళ్లో నేను అడగలేదు. రెండోసారికి దిండు మార్చాం. ఎవరూ తుమ్మలేదు.

నెల తిరక్కుండానే సినిమా వచ్చింది. ఆదివారం ఆరాధన అయిపోయాక చర్చిలోనే వేశారు. కిటికీలకు చీరలు కట్టి చీకటి చేశారు. బాలకోటయ్య ఇంటిల్లిపాదినీ తీసుకుని వచ్చాడు. గఫార్ కొత్త చొక్కా వేసుకుని, తనను గుర్తుపట్టని వాళ్లకు తనెవరో చెప్పి పంపించాడు. మా చర్చిలో మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు కూర్చుంటారు. భార్యాభర్తలైనా అంతే. మా ఆయన మగవాళ్ల వైపు ముందు వరసలో పెద్దల పక్కన, నేను ఆడవాళ్ల చాపల మీద చాంద్ బీ పక్కన.

గఫార్ తూలుతూ వచ్చినప్పుడు హాలంతా ఈలలు. ఆ తర్వాత తలుపు మూసుకుంది. గొళ్లెం పడింది. సినిమా అయ్యేలోగా ఇంకో ఈల వినపడలేదు. తెల్లారినట్టు చూపించారు. నిహారిక తలుపు తీసుకుని బయటికొచ్చింది, కణత మీద పసుపు. పక్కింటామె అడిగితే, "గుమ్మం తగిలింది వదినా" అని నవ్వి చీపురు అందుకుంది. కూనిరాగం మొదలుపెట్టింది. మేం యాభై ఏళ్లుగా పాడుకుంటున్న పాట రాగం అది. ముందు ఎవరో ఒకామె సన్నగా అందుకుంది. ఆ తర్వాత ఆడవాళ్ల వైపు మొత్తం అందుకుంది. ఎంతమంది గొంతులు మధ్యలో బొంగురుపోయాయో నేను విన్నాను. ఇంకెంతమంది ఇళ్లల్లో గుమ్మాలు తగిలాయో నాకప్పుడు అర్థమైంది.

తెర మీద ఎస్తేరమ్మ పేరు వచ్చింది. ఆ వెలుగులో మా ఆయన లేచి నిలబడటం చూశాను. సాక్ష్యం చెబుతాడేమో అనుకున్నాను. మధ్యలో ఖాళీగా ఉన్న దారి దాటి, ఆడవాళ్ల చెప్పులూ పిల్లలూ తొక్కకుండా ఒక్కో అడుగూ చూసుకుంటూ మా వైపు వచ్చాడు. డెబ్భై నాలుగేళ్ల మనిషి, ఒక చెయ్యి నేలకు ఆన్చి, నా పక్కన చాప మీద చతికిలబడ్డాడు.

పెద్దలు చూశారు. పాస్టర్ గారు చూశారు. ఎవరూ లెమ్మనలేదు. ఆడవాళ్లు పాట ఆపలేదు. చాంద్ బీ కాస్త జరిగి చోటిచ్చింది.